పాత డి-50 డోజర్ చైన్ పిన్ను ఊడటం లేదు, దారి చెప్పండి

జీడితోట_పలాస
2018లో తిత్లీ తుపాను మా తోటలన్నీ కూల్చేశాక, జీడి మొదళ్లు పెకలించడానికి మా బాబాయి ఒక పాత డి-50 డోజర్ కొన్నాడు. బండి మొండిది. ఇంజను ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. చైన్లే పోయాయి. కుడి చైన్ ఎంత బిగించినా స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ల చక్రం) పళ్ల మీదికి ఎక్కి టకటకా కొడుతోంది. లింకుల్ని కలిపే పిన్నులు, వాటి మీది గొట్టాలు, అంటే బుష్‌లు, అరగని పక్క పనిలోకి వచ్చేలా తిప్పించి తెస్తే ఇంకొన్నాళ్లు నడుస్తుందని అందరూ అంటున్నారు. కానీ ముందు చైన్ విడిపోవాలి కదా! ఇద్దరు మనుషులు మార్చి మార్చి సమ్మెటతో కొట్టారు. పిన్ను తల నలిగి అంచులు విచ్చుకున్నాయి తప్ప వెంట్రుకవాసి కూడా లోపలికి దిగలేదు. మెకానిక్ గ్యాస్ పెట్టి కోసేద్దాం అంటున్నాడు. బాబాయి వద్దంటున్నాడు. వానలు పడేలోపు చెరువు గట్టు పని ఒకటి ఒప్పుకుని ఉన్నాం. ఈ పని చేసినవాళ్లు దారి చెప్పండి.

సాలూరు_లారీ
సమ్మెట చాల్లేదు. ఇంకా బరువైంది తీసుకుని సూటిగా దెబ్బ పడేలా కొట్టించు. మా దగ్గర లారీ కింగ్ పిన్నులు అలాగే తీస్తాం.

టెక్కలి_క్వారీ
అన్నా, కింగ్ పిన్ను వేరు, చైన్ పిన్ను వేరు. చైన్ పిన్నుల్ని ప్రెస్ మీద పదుల టన్నుల బలంతో ఎక్కిస్తారు. మామూలు పిన్ను పట్టుకుంటే సమ్మెటతో జన్మలో రాదు. కొడుతున్నది మాస్టర్ పిన్నేనా (చైన్ విప్పడానికని పెట్టే పిన్ను), అది తేల్చుకోండి ముందు.

జీడితోట_పలాస
మాస్టర్ పిన్నే అని డ్రైవర్ అంటున్నాడు. ఎలా గుర్తుపట్టాలి?

రిటైర్డ్_ఫోర్‌మన్_గరివిడి
బాబూ, ముందు ఆ సమ్మెట పక్కన పెట్టించు. తల ఎంత విచ్చుకుంటే పిన్ను కన్నంలో అంత బిగుసుకుంటుంది. ఇప్పుడు మొదట చేయాల్సింది గ్రైండర్‌తో ఆ విచ్చుకున్న అంచుని లింకు వరకూ సమంగా అరగదీయడం.

మాస్టర్ పిన్ను గుర్తుపట్టడానికి వైరు బ్రష్‌తో పిన్నుల తలలన్నీ శుభ్రంగా రుద్దించు. ఒక్కదానికి మాత్రం మిగతా వాటికి లేని గుర్తు ఉంటుంది. తల మధ్యలో గుంటో, చిల్లో, లేదంటే తల కాస్త బయటికి ఉండటమో. తలలు అరిగిపోయి గుర్తు తెలియకపోతే బుష్ చూడాలి. మామూలు బుష్ చివరలు లింకు గాడిలోకి దూరి ఉంటాయి. మాస్టర్ బుష్ పొట్టిగా ఉంటుంది, దాని పక్కన రింగు గానీ సందు గానీ కనిపిస్తుంది. ఆ పిన్ను ఒక్కటే మిగతా వాటికంటే కొంచెం వదులుగా, సైట్ మీదే తీసుకునేలా చేస్తారు. తక్కినవన్నీ ట్రాక్ ప్రెస్ ఉన్న షాపులోనే తీయాలి.

ఇంకో రెండు సంగతులు చెప్పు. చైన్ టెన్షన్ వదిలారా? పిన్ను ఇప్పుడు ఎక్కడ ఉంది, పైనా, కిందా, ఐడ్లర్ (చైన్ తిరిగే ముందు చక్రం) ముందా?

జీడితోట_పలాస
టెన్షన్ వదల్లేదండి. పిన్ను కింద నేల దగ్గర ఉంది, వంగి కొడుతున్నాం.

రిటైర్డ్_ఫోర్‌మన్_గరివిడి
అక్కడే ఉంది చిక్కు. చైన్ బిగుతుగా ఉంటే ఆ లాగుడంతా పిన్ను మీదే ఉంటుంది. బండిని నెమ్మదిగా జరిపి, పిన్ను ముందు ఐడ్లర్ ఎదురుగా, ఐడ్లర్ మధ్య ఎత్తుకి వచ్చేలా ఆపండి. అక్కడైతే బయట నిలబడి పని చేయడానికి చోటుంటుంది, లోపలి పక్క పిన్ను బయటికి రావడానికి ఫ్రేము అడ్డం ఉండదు. ఆ పిన్నుకి కింద చైన్‌లోకి దిమ్మ పెట్టి ఆపండి. లేకపోతే పిన్ను ఊడగానే పై చైన్ వెనక్కి జారుతుంది, ముందు చైన్ ధబీమని నేల మీద పడుతుంది. ఆ చైన్ కాలి మీద పడితే కాలు మిగలదు.

రాజాం_హైడ్రాలిక్స్
టెన్షన్ వదలమన్నారు కాబట్టి ఒక మాట. గ్రీజు అడ్జస్టర్ (గ్రీజు ఒత్తిడితో చైన్ బిగించేది) అయితే వాల్వు ఒక్క చుట్టు మాత్రమే వదలాలి, అదీ నెమ్మదిగా. మొహం ఎదురుగా పెట్టకూడదు. వేలు పెట్టి గ్రీజు వస్తోందా అని చూడకూడదు. లోపల ఒత్తిడి ఎంతుంటుందంటే సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. మా షాపుకి వచ్చే ఒక కుర్రాడికి ఇలాగే వేలికి తగిలింది. పైకి సూది గుచ్చినంత చుక్క, నొప్పి కూడా పెద్దగా లేదు. పసుపు రాసి ఊరుకున్నారు. రాత్రికి అరచెయ్యి ఉబ్బిపోయింది, ఆపరేషన్ చేసి లోపలి గ్రీజు తీయాల్సి వచ్చింది. అలాంటిది జరిగితే చుక్కే కదా అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, గ్రీజు లోపలికి దూరింది అని డాక్టరుకి చెప్పాలి.

వాల్వు వదిలినా గ్రీజు రాకపోతే బండిని కాస్త ముందుకీ వెనక్కీ జరపండి. వాల్వు మొత్తం విప్పడం, గ్రీజు నిప్పిల్ విప్పడం మాత్రం వద్దు.

సాలూరు_లారీ
ఆ వెనకాల పెద్ద స్ప్రింగు ఉంటుంది కదా, దాన్ని విప్పితే చైన్ ఇంకా లూజు అవుతుంది కదా?

రాజాం_హైడ్రాలిక్స్
వద్దన్నా! అది రీకాయిల్ స్ప్రింగు. దాన్ని టన్నుల బరువుతో నొక్కి బిగించి ఉంటారు. దాని బోల్టు కోసినా విప్పినా మనిషి ప్రాణం పోతుంది. దాని జోలికి ఎవరూ వెళ్లకండి.

సాలూరు_లారీ
సరే సరే. అందుకే అడిగాను.

బొబ్బిలి_వెల్డర్
నా అనుభవంలో వేడి లేకుండా ఈ పని కాదు. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు గాలికి తుప్పు పట్టి పిన్నూ లింకూ ఒకటైపోతాయి. పిన్ను తలని ఎర్రగా కాల్చి, పూర్తిగా చల్లారనిచ్చి, అప్పుడు కొట్టండి. కదులుతుంది.

టెక్కలి_క్వారీ
పిన్ను కాలిస్తే ఉబ్బి ఇంకా బిగుస్తుంది కదా బావా? కాల్చాల్సింది లింకుని. కన్నం పెద్దదవ్వాలి.

బొబ్బిలి_వెల్డర్
ఉబ్బడానికి చోటు లేక దానిలో అదే నలుగుతుంది. చల్లారాక మొదటికంటే సన్నబడుతుంది. బేరింగు రేసు (బయటి రింగు) లోపల వెల్డింగ్ గీత వేస్తే చల్లారాక దానంతట అదే జారి ఊడిపోవడం చూడలేదా? ఇదీ అంతే.

టెక్కలి_క్వారీ
చూశాను. కానీ రేసు పల్చన, మొత్తం ఒకేసారి కాలుతుంది. ఇక్కడ పిన్ను లింకులో మునిగి ఉంది. నువ్వు తల కాలిస్తే లోపలి సగం చల్లగానే ఉంటుంది, పక్కన లింకు కూడా కాలుతుంది.

రిటైర్డ్_ఫోర్‌మన్_గరివిడి
ఇద్దరూ చెప్పేది పని చేసేదే. కానీ వరుస ఉంది. ముందు లింకు వేడి. దానితో కాకపోతేనే పిన్ను కాల్చడం, ఎందుకంటే కాల్చిన పిన్ను మళ్లీ పనికిరాదు, తల మెత్తబడి కొడితే ఇంకా విచ్చుకుంటుంది.

లెక్క చెబుతాను. ఇనుము మీటరుకి ఒక్కో డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) సాగుతుంది. 40 మి.మీ. కన్నాన్ని 200 డిగ్రీలు పెంచితే దాదాపు 0.1 మి.మీ. పెద్దదవుతుంది. బిగించి ఎక్కించిన పిన్నుకి ఆ పదో వంతు మి.మీ. చాలా పెద్ద సాయం. అంతకు మించి కాల్చొద్దు. లింకు పైన రోలర్లు దొర్లే పట్టీని గట్టిపరిచి ఉంటారు. ఎర్రగా కాలిస్తే ఆ గట్టిదనం పోయి, ఆ ఒక్క లింకే చాలా త్వరగా అరుగుతుంది. గ్రైండ్ చేసి మెరిసేలా చేసిన చోట రంగు చూస్తూ ఉండు. గడ్డి రంగు వచ్చిందంటే రెండు వందలు దాటింది. నీలం తిరిగితే మూడు వందల దగ్గరికి వచ్చినట్టు, అక్కడ మంట తీసెయ్యాలి. మంట ఒకే చోట నిలపకుండా పిన్ను చుట్టూ గుండ్రంగా తిప్పాలి. పిన్ను తల మీద తడి గోనెగుడ్డ పెడుతూ ఉంటే లింకు వేడెక్కుతుంది, పిన్ను చల్లగా ఉంటుంది. ఆ తేడానే మనకి కావాలి.

నాగావళి_రైతు
వేడిగా ఉన్నప్పుడు సందుకి కొవ్వొత్తి తాకించి మైనం కరిగించండి. మైనం సందులోకి పాకుతుంది. డీజిల్, కిరోసిన్ పోసి నానబెట్టేవాళ్లు ఉన్నారు, మంట పెట్టే రోజున అవి పోయొద్దు.

ఆటోనగర్_స్పేర్స్
మంట అంటున్నారు కాబట్టి ఇంకోటి. మీది ఆయిల్ నింపిన చైనా, పొడి చైనా? కొత్త రకం చైన్లలో పిన్ను లోపల బోలుగా ఉండి ఆయిల్ ఉంటుంది, చివర రబ్బరు బిరడా ఉంటుంది. దాన్ని తీసి ఆయిల్ వదలకుండా వేడి పెడితే లోపల ఒత్తిడి పెరిగి పేలే ప్రమాదం ఉంది. పాత డి-50లకి చాలావాటికి పొడి చైన్లే, అయినా తల మధ్యలో బిరడా ఉందేమో చూసుకోండి. ఇంకా ఈ బుష్‌లు తిప్పించడం గురించి. తీశాక నాలుగు లింకుల దూరాన్ని పిన్ను నుంచి పిన్నుకి, చైన్ బాగా లాగి పట్టి కొలిచి, నాలుగుతో భాగించండి. కొత్త చైన్ పిచ్‌తో (పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరంతో) పోల్చి ఎంత సాగిందో చెబితే, తిప్పితే చాలా కొత్తవే వేయాలా అన్నది ఎవరైనా చెప్పేస్తారు. బుష్ పైభాగం ఒక పక్కే అరిగి గోడ ఇంకా మందంగా ఉంటే తిప్పొచ్చు. పగిలిన బుష్‌లు ఉంటే తిప్పడం దండగ.

జీడితోట_పలాస
పొడి చైనేనండి, బిరడాలు లేవు. తలలన్నీ రుద్దించాం. డ్రైవర్ చూపించిన పిన్ను మాస్టర్ పిన్నే, బుష్ పక్కన రింగు కనిపిస్తోంది. టెన్షన్ వదిలి ఐడ్లర్ ముందుకి తెచ్చాం. దిమ్మలు పెట్టాం. లింకు వేడి చేసి కొట్టించాం కూడా. మోగుతోంది తప్ప కదల్లేదు.

సాలూరు_లారీ
మరి కోసెయ్యడమే. ఒక పిన్ను, ఒక బుష్ పోతే పోయాయి. పని ఆగితే అంతకంటే నష్టం.

రిటైర్డ్_ఫోర్‌మన్_గరివిడి
కోయడం చివరి మెట్టు, అది ఎప్పుడూ ఉంటుంది. తొందరపడకండి. కొట్టేటప్పుడు వెనక పక్క ఏం ఆనించారు? చైన్ గాలిలో ఉంటే సమ్మెట దెబ్బ చైన్‌ని ఊపడానికే సరిపోతుంది, పిన్నుకి అందదు. అవతలి పక్క లింకుకి, పిన్ను చుట్టూ చోటు వదిలి, బరువైన ఇనుప దిమ్మో పైపు ముక్కో ఫ్రేముకి ఆనించి బిగించాలి.

సమ్మెట ఎత్తి కొట్టడం కంటే ఊయల దెబ్బ మంచిది. మేము గనిలో పాత షాఫ్ట్ ముక్క ఒకటి, యాభై కిలోల వరకూ ఉండేది, చైన్ బ్లాకుకి (బరువులెత్తే గొలుసు కప్పీకి) రెండు చోట్ల కట్టి పిన్ను ఎత్తుకి వేలాడదీసేవాళ్లం. ఇద్దరు పట్టుకుని వెనక్కి లాగి వదిలితే ప్రతి దెబ్బా అదే చోట పడుతుంది. చేతులకి అదురు ఉండదు.

పిన్ను మీద నేరుగా కొట్టొద్దు. పిన్ను కంటే రెండు మూడు మి.మీ. సన్నటి మెత్తని ఇనుప కడ్డీ మధ్యలో పెట్టండి. దానికి మోరెడు పొడవు సన్న రాడ్డు అడ్డంగా వెల్డ్ చేస్తే పట్టుకునే మనిషి దూరంగా ఉండొచ్చు. పిన్నూ గట్టిది, సమ్మెటా గట్టిది. రెండూ తగిలితే అంచు నుంచి రేకు చిమ్ముతుంది. గరివిడిలో నా ముందే ఒక హెల్పరు కన్ను పోయింది. అద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి, చూడ్డానికి వచ్చినవాళ్లని కూడా.

నాగావళి_రైతు
మా ఊళ్లో డోజర్ పని జరిగితే ఊరంతా చుట్టూ చేరుతుంది. ముందు వాళ్లని పంపించాలి.

బొబ్బిలి_వెల్డర్
కొట్టడం కంటే నొక్కడం మేలు అని నేనంటాను. 50 టన్నుల బాటిల్ జాకీ దొరికితే చాలు. రెండు మందపాటి ప్లేట్లు, మధ్యలో నాలుగు హైటెన్సిల్ బోల్టులు. ఒక ప్లేటుకి పిన్ను బయటికి రావడానికి కన్నం. జాకీతో గట్టిగా బిగించి వదిలెయ్యి, పంపు కొడుతూ ఉండొద్దు. ఆ బిగింపు మీద లింకుకి వేడి పెట్టు. తర్వాత లింకు పక్క మీద మామూలు సుత్తితో నాలుగు దెబ్బలు. బలం, వేడి, అదురు మూడూ ఒకేసారి పడాలి. వదిలేటప్పుడు తుపాకీ పేలినట్టు శబ్దం వస్తుంది, జాకీ వరసలో ఎవరూ నిలబడకూడదు.

రాజాం_హైడ్రాలిక్స్
దీనికి నా ఓటు. ఒకటే షరతు. చాలామంది గ్యారేజీలో ప్లేట్లని సి ఆకారంలో వెల్డ్ చేసి ఫ్రేము తయారు చేస్తారు. ఆ వెల్డ్ ఊడితే ముక్క మనిషి మీదికే వస్తుంది. నాలుగు బోల్టుల పద్ధతి అయితే బరువు నాలుగు పక్కలా సమంగా పడుతుంది. జాకీ అడ్డంగా పడుకోబెడితే కొన్ని రకాలు పంపు తీసుకోవు, పంపు వైపు కిందికి ఉండేలా తిప్పి చూడండి.

టెక్కలి_క్వారీ
జాకీ మా క్వారీలో ఉంది, కావాలంటే పట్టుకెళ్లండి. మనిషిని పంపండి చాలు.

జీడితోట_పలాస
చాలా సంతోషం అన్నా. రేపు మా తమ్ముడు వస్తాడు.

పార్వతీపురం_ప్రొక్లెయిన్
ఆలస్యంగా చూశాను. జాకీ పెట్టే ముందు అవతలి పక్క, అంటే లోపలి వైపు పిన్ను తల కూడా గ్రైండ్ చేసి చూశారా? నేను కొన్న పాత ప్రొక్లెయిన్‌కి ఇదే బాధ. ఎవరో పాత ఓనరు పిన్ను బయటికి జారిపోతోందని లోపలి వైపు చుట్టూ వెల్డ్ చేసి, మీద బురద మెత్తేశాడు. బయట నుంచి ఎంత కొట్టినా ఏం లాభం?

రిటైర్డ్_ఫోర్‌మన్_గరివిడి
మంచి మాట. మాస్టర్ పిన్ను కన్నం అరిగాక అది బయటికి పాకడం మామూలే, సైట్ మీద ఎవరైనా ముందు చేసేది వెల్డింగే. లోపలి వైపు బాగా చూడండి.

జీడితోట_పలాస
పార్వతీపురం అన్నా, మీ నోట్లో పంచదార పొయ్యాలి! లోపలి వైపు గట్టిపడిన మట్టి ఉలితో చెక్కి, వైరు బ్రష్ వేసి చూస్తే పిన్ను చుట్టూ ముప్పాతిక వంతు వెల్డ్ ఉంది. తుప్పు రంగులో కలిసిపోయి లింకులో భాగంలాగే కనిపించింది. ఇప్పుడు కటింగ్ డిస్కుతో తీయిస్తున్నాం.

బొబ్బిలి_వెల్డర్
పైపైన సమం చేసి ఊరుకోకు. వెల్డ్ వేరు లోపలికి దిగి ఉంటుంది. పిన్ను చుట్టూ వి ఆకారంలో గాడి పడేదాకా తియ్యి, పిన్నుకీ లింకుకీ మధ్య సన్న గీత మొత్తం గుండ్రంగా కనపడాలి. లింకుకి గాటు పడినా ఫరవాలేదు కానీ లోతుగా పోనివ్వకు.

సాలూరు_లారీ
ఆ వెల్డ్ చేసినవాడు కనపడితే ఆ సమ్మెట అతని చేతికే ఇవ్వండి.

జీడితోట_పలాస
వచ్చేసింది! వెల్డ్ మొత్తం తీసి, నాలుగు బోల్టుల ఫ్రేము పెట్టి, జాకీ బిగించి, లింకుకి వేడి పెట్టాం. గ్రైండ్ చేసిన చోట గడ్డి రంగు తిరగగానే మంట తీసేసి సుత్తి వేశారు. రెండో దెబ్బకి ధడేల్‌మని వదిలింది. తర్వాత జాకీతోనే మెల్లగా నెట్టేశాం. పిన్ను మధ్యలో ఒక పక్క చేత్తో తడిమితే గుంట తెలిసేంత అరిగింది, రెండో పక్క కొత్తదానిలా ఉంది. నాలుగు లింకులు కూడా కొలిచాం, ఆ లెక్క ఆటోనగర్ అన్నకి విడిగా పంపాను.

ఆటోనగర్_స్పేర్స్
చూశాను. బుష్‌లు పగలకపోతే తిప్పించండి, ఒక్కసారి వస్తుంది. మాస్టర్ పిన్ను, మాస్టర్ బుష్ మాత్రం కొత్తవి వెయ్యండి, పాతది ఎక్కించొద్దు. మాస్టర్ లింకు కన్నం కూడా షాపులో కొలిపించండి. అది సాగి ఉంటే కొత్త పిన్ను కూడా బయటికి పాకుతుంది, మళ్లీ ఎవరో వెల్డ్ చేస్తారు. ఆ లింకు జత మార్చేస్తే పీడ వదిలిపోతుంది. స్ప్రాకెట్ పళ్లు మొన తేలి ఉంటే అవి కూడా చూసుకోవాలి. పాత స్ప్రాకెట్ మీద తిప్పిన చైన్ త్వరగా పాడవుతుంది.

జీడితోట_పలాస
పళ్లు ఒక పక్క మొన తేలాయి. రెండు స్ప్రాకెట్లనీ కుడి ఎడమలు మార్చి వేయొచ్చా?

రిటైర్డ్_ఫోర్‌మన్_గరివిడి
అరుగుడు ఒక పక్కే ఉంటే, రెండూ ఒకే రకం అయితే మార్చొచ్చు. అరగని వైపు ముందుకి వస్తుంది. పళ్లు ఇప్పటికే సన్నబడి ఉంటే మాత్రం మార్చినా లాభం లేదు.

కొత్త పిన్ను ఎక్కించేటప్పుడు కన్నంలో తుప్పు, బురద లేకుండా గుడ్డతో తుడిచి, పిన్నుకి పల్చగా గ్రీజు రాయండి. లింకు మళ్లీ కొంచెం వేడి చేసుకుంటే పిన్ను సులువుగా దిగుతుంది. లింకు చెవులు సూటిగా ఎదురెదురుగా రావాలి, వంకరగా పెట్టి నొక్కితే కన్నం గీరుకుపోతుంది. తర్వాత టెన్షన్. ఐడ్లర్‌కీ మొదటి పై రోలర్‌కీ మధ్య చైన్ మీద సూటి కడ్డీ పెట్టి, మధ్యలో చైన్ కడ్డీకి 20 నుంచి 30 మి.మీ. కిందికి కుంగి ఉండేలా గ్రీజు కొట్టండి. మనవాళ్లు గిటారు తీగలా బిగిస్తే మంచిదనుకుంటారు. బిగువు ఎక్కువైతే పిన్నులు, బుష్‌లు, స్ప్రాకెట్ అన్నీ కలిసి త్వరగా పోతాయి. బురద నేలలో పని ఉంటే మట్టి పళ్లలో దట్టించుకుని దానంతట అదే బిగుస్తుంది కాబట్టి కొంచెం ఎక్కువ వదులు ఉంచండి.

నాగావళి_రైతు
చెరువు పని కాబట్టి ఆ చివరి మాట బాగా గుర్తుంచుకోండి. ప్రతి సాయంత్రం చైన్లో మట్టి గునపంతో చెక్కించండి. ఆరితే రాయి అవుతుంది.

పార్వతీపురం_ప్రొక్లెయిన్
ఆ జాకీ ఫ్రేము ప్లేట్లు ఎంత మందం వాడారు? నేనూ ఒకటి చేయించుకుంటాను.

జీడితోట_పలాస
పాత బ్లేడు నుంచి కోసిన ముక్కలు అన్నా, 40 మి.మీ. ఉన్నాయి. బోల్టులు టెక్కలి అన్నవే, జాకీతో పాటు ఇచ్చాడు. అన్నీ శుభ్రం చేసి సోమవారం తిరిగి పంపుతున్నాం.

టెక్కలి_క్వారీ
తొందర లేదు, ఎడమ చైన్ కూడా అయ్యాకే పంపు. ఎలాగూ దానికీ అదే వయసు కదా. లోపలి వైపు వెల్డ్ ఉందేమో ముందే చూసుకో.

రిటైర్డ్_ఫోర్‌మన్_గరివిడి
షూ ప్లేటు (నేలని తొక్కే పలక) బోల్టులు కూడా చూసుకోండి. చైన్ ఎక్కించి ఒక రోజు పని చేశాక అన్నీ మళ్లీ బిగించాలి. ఒక్కటి వదులైనా కన్నం సాగదీస్తుంది.